తొమ్మిదిన్నర బోటు

ఆ రోజు రేపల్లె పాయలో ఏం జరిగిందని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ట్రావెల్స్ ఆఫీసు తన రిపోర్టు తాను రాసుకుంది. రేవులో బోర్డు పెట్టించిన పర్యాటక కార్యాలయం వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళారు. పడవ నడిపిన నాంచారయ్యను రెండుసార్లు పిలిపించి సంతకాలు పెట్టించుకున్నారు. బండి నడిపి, దారి చూపించి, మూడు గంటలపాటు పడవలో పడిపోయిన టూరిస్టు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను మాత్రం పిలవలేదు. వాళ్ళ రిపోర్టులో నేను ఒకే ఒక్క మాట: ‘డ్రైవరు’. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇది రెండేళ్ళ కిందటి చలికాలం సంగతి. మాది తెనాలి. ఇరవై ఏళ్ళకు పైగా టూరిస్టు కారు నడుపుతున్నాను. చాలామంది గైడు పనీ డ్రైవరు పనీ వేరనుకుంటారు. మా మూడూళ్ళ టూరులో రెండూ నేనే. మొదటి రోజు తెనాలిలో పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసే షెడ్లు, బెల్లం జిలేబీ. రెండో రోజు రేపల్లె దాటి మడ అడవుల మధ్య పాయలో పడవ మీద నది సముద్రంలో కలిసే మొగ దాకా. మూడో రోజు బాపట్ల గుడి, సముద్రం. వేళలన్నీ వేసి ఆఫీసు ఇచ్చే కాగితాన్ని ఐటినరరీ అంటారు. అందులో ఉన్నదే టూరు. మార్చే అధికారం నాకు లేదు.

రేవులో ఒక బోర్డు ఉంది. ‘పడవ షికారు: ఉదయం 9 నుండి సాయంత్రం 5 వరకు’ అని. మ్యూజియానికి రాసినట్టు రాశారు. ఆ పాయకు నీళ్ళు సముద్రం నుంచి వస్తాయి. పోటు పెట్టినప్పుడు నిండుతుంది, పాటు తీసినప్పుడు బురద తేలుతుంది. పోటు వేళ రోజుకు ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది. అందుకే అక్కడి పల్లెవాళ్ళు పడవ ఎప్పుడు తీయాలో గడియారం చూసి చెప్పరు, తిథి చూసి చెబుతారు. ఆ సంగతి బోర్డు మీద రాయమని నేను కార్యాలయానికి ఐదు ఉత్తరాలు పెట్టాను. రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు గుమస్తా తలెత్తకుండానే, “డ్రైవర్లు బయట కూర్చోవాలండి” అన్నాడు. ఆ మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది.

ఆ చలికాలంలో ఆస్ట్రేలియా నుంచి ఒక జంట వచ్చింది. ఆయన కొలిన్, డెబ్బై దాటిన మనిషి. ఆవిడ జోన్. సముద్రానికి చాలా దూరంగా, గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు వాళ్ళది. ఆ ఊరి మీదుగా పెద్ద రోడ్డు ఒకటి రోజుల తరబడి లోపలికి వెళుతుందట. దాని మీద జనం ఇల్లులాంటి బండి కారు వెనక తగిలించుకుని ఊరూరా ఆగుతూ తిరుగుతారట. ఆగేలా చేయడానికి ప్రతి ఊరూ ఏదో ఒకటి పెట్టుకుంటుంది. ఒక ఊళ్ళో పాత జైలు, ఇంకో ఊళ్ళో గొర్రెల ఉన్ని కత్తిరించే పాక. కొలిన్ గారి ఊళ్ళో తాటిచెట్టంత గోధుమ గాదెల మీద రైతుల బొమ్మలు వేయించారు. పక్క ఊరివాళ్ళు పోటీగా మేడంత సిమెంటు గొర్రెను కట్టారు.

“లోపలికి కూడా వెళ్ళొచ్చు. మెట్లెక్కి గొర్రె కళ్ళలోంచి ఊరు చూడొచ్చు” అన్నాడాయన, తెనాలి షెడ్డులో బోల్టులతో చేసిన గుర్రాన్ని తడుముతూ.

“ఏముంటుందండి చూడటానికి?” అన్నాను.

“మా ఊరే. అందుకే వాళ్ళంటే మాకు మంట.”

ఆయన పద్నాలుగేళ్ళు ఆ ఊరి టూరిస్టు కేంద్రంలో జీతం లేకుండా పనిచేశాడు. వచ్చినవాళ్ళకు దారి చెప్పడం, వానపడితే మట్టిరోడ్ల బోర్డు మార్చడం ఆయన పని. ఆ బోర్డులో ఒక్కొక్క రోడ్డు పేరు పక్కన ఒక రేకు ఉంటుంది. తిప్పితే ‘తెరిచి ఉంది’, మళ్ళీ తిప్పితే ‘మూసి ఉంది’. రోజూ పొద్దున్నే వెళ్ళి రేకులు తిప్పేవాడట. నేను నా ఉత్తరాల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఐదా?” అని మాత్రం అడిగాడు. ఆ మాత్రం అడిగినవాడు అంతకు ముందు ఎవరూ లేరు.

వాళ్ళ పడవ షికారు మంగళవారం ఉండాలి. ఆ రోజు తదియ. పదకొండు దగ్గర నిండు పోటు. తొమ్మిదిన్నరకు బయల్దేరితే పోటుతో వెళ్ళి హాయిగా తిరిగి రావచ్చు. అయితే ఆదివారం బాపట్ల బీచిలో జనం ఎలా ఉంటారో చూడాలని జోన్ గారికి కోరిక పుట్టింది. ఆఫీసు టూరు మొత్తాన్ని మూడు రోజులు ముందుకు జరిపింది. రోజులు జరిపారు, గంటలు జరపలేదు. శనివారం, తొమ్మిదిన్నర బోటు. శనివారం పౌర్ణమి.

నాంచారయ్యకు ఫోన్ చేశాను.

“పున్నమి నాడు తొమ్మిదిన్నరేంటి బాబాయ్? ఎనిమిదిన్నరకే పోటు నిండుద్ది. ఆ పైన పాటు పడి జర్రున లాగేసుద్ది. ఏడింటికల్లా తీసుకురా, తొమ్మిదికి దింపేత్తా.”

“కాగితంలో తొమ్మిదిన్నర ఉందయ్యా.”

“సముద్రానికి కూడా ఓ కాగితం పంపమను మీ ఆఫీసోళ్ళని!”

ఆఫీసులో టూర్లు చూసే అమ్మాయికి ఫోన్ చేసి అదే చెప్పాను. హోటల్లో టిఫిను ఎనిమిదికి గాని పెట్టరని, రేవు బోర్డులో తొమ్మిదికే మొదలని ఉందని అంది. మళ్ళీ చెప్పాను. “బాబాయ్ గారూ, మీరు బండి చూసుకోండి. ప్రోగ్రాం మేం చూసుకుంటాం” అని పెట్టేసింది.

అక్కడే నేను చెడ్డపని చేశాను. కొలిన్ గారికి ఒక్క మాట చెబితే ఆయన ఆరింటికే తయారయ్యేవాడు. చెప్పలేదు. సరే, వాళ్ళ ప్రోగ్రామే కానివ్వమనుకున్నాను. పడవ రేవు దగ్గరికొచ్చి బురదలో ఆగుతుంది, దిగడానికి ఒక గంట పడుతుంది, దొరలు ఆఫీసుకు ఫోన్ చేసి తిడతారు, అప్పుడు నా మాట గుర్తుకొస్తుంది. ఇదీ నా లెక్క.

శనివారం పొద్దున ఎనిమిదికి కొలిన్ గారు ఇన్సులిన్ సూది వేసుకుని రెండిడ్లీలు తిన్నాడు. ఒంటిగంటలోపు భోజనం పడాలని జోన్ గారు ముందే చెప్పారు. రేపల్లెలో పన్నెండున్నరకు భోజనం చెప్పి ఉంచాను. రేవులో ఆవిడ చేతిసంచీ తీసుకోబోతే, “తడుస్తుందమ్మా, బండిలో పెట్టండి, రెండు గంటల్లో వచ్చేస్తాం” అన్నది నేనే. గ్లూకోజు బిళ్ళలు ఆ సంచీలో ఉన్నాయి. అది నాకు తెలియదు.

నాంచారయ్య నన్ను పక్కకు లాగాడు. “వద్దు బాబాయ్. కావాలంటే ఆ మలుపు దాకా తిప్పి తీసుకొచ్చేత్తా.”

“మొగ దాకా అని ఉంది. మొగ దాకా పోనీ.”

“నీకేమైందియ్యాల?” అన్నాడు. నేను వెళ్ళి పడవెక్కాను.

వెళ్ళేటప్పుడు అంతా బాగుంది. మడచెట్ల వేళ్ళ మీద ఎర్రపీతలు, కొంగలు, చివరికి నదీ సముద్రమూ కలిసే చోట తెల్లటి నురుగు గీత. తిరిగి వచ్చేటప్పుడు పదకొండుంబావుకు ఇంజను అడుగు బురదను కోసింది. నాంచారయ్య గెడ వేసి నెట్టాడు. పడవ జానెడు జరిగి ఆగింది. పది నిమిషాల్లో మా రెండు పక్కలా నేల తేలింది. ఇంకో అరగంటకు మేము నల్లటి బురద మధ్య, పక్కకు ఒరిగిన పడవలో, ఎండలో కూర్చున్నాం. రేవుకు ఫోన్ చేస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నీళ్ళు లేని పాయలో ఏ పడవా రాదు.

“మళ్ళీ ఎప్పుడు లేస్తుంది?” అని జోన్ గారు అడిగారు.

“ఆరు దాటాలమ్మా.”

ఆవిడ గడియారం చూసుకుని, భర్త ముఖం చూసింది. అప్పుడు అడిగింది, తినడానికి ఏమైనా ఉందా అని. మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. నాంచారయ్య పొద్దున్నే చద్దన్నం తినేసి గిన్నె కడిగేశాడు.

పన్నెండున్నరకు కొలిన్ గారి చేతులు వణకడం మొదలైంది. చొక్కా మొత్తం చెమట. ఒంటిగంటకు మాట తడబడింది. నన్ను వేరే ఎవరో అనుకుని, రోడ్డు రేకు తిప్పావా అని అడిగాడు. తిప్పానన్నాను. కాసేపటికి తల వాల్చేశాడు. నా ఒళ్ళో పెట్టుకున్నాను. జోన్ గారు ఏడవలేదు. “చక్కెర కావాలి. ఎంత కొంచెమైనా సరే” అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

నాంచారయ్య పడవ ముక్కు మీదకెక్కి నాలుగు దిక్కులా చూశాడు. దూరంగా, పాయ అవతలి ఒడ్డున ఒక వేట పడవ బురద మీద కూర్చుని ఉంది. దాని మీద పొగ. పాటు వేళ తెలిసినవాళ్ళు ముందే లంగరేసుకుని వంట చేసుకుంటున్నారు. కేకేశాడు. గాలి ఎదురు, వినిపించలేదు.

“టీ కాత్తన్నారు బాబాయ్. పంచదార ఉండుద్ది.”

“నడిచి వెళ్ళగలవా?”

“నడిత్తే నడుం దాకా దిగబడతా. ఇక తీసేవోడు ఎవడూ ఉండడు.”

పడవ అడుగున పరిచిన చెక్క ఒకటి ఊడదీశాడు. బురద మీద వేసి, ఒక మోకాలు దాని మీద ఆనించి, రెండో కాలితో వెనక్కి నెట్టుకుంటూ జారాడు. మొదటి ఇరవై గజాల్లోనే చెక్క ముక్కు గుచ్చుకుని బోర్లా పడ్డాడు. లేచాడు. మనిషి మొత్తం నల్లగా అయిపోయాడు. మళ్ళీ జారాడు. నేను ఒక కన్ను అతని మీద, ఒక చెయ్యి కొలిన్ గారి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి వేలికి తగిలినంతసేపు ఒక భయం, తగలనప్పుడు ఇంకో భయం. ఆ సమయంలో నా ఉత్తరాలు, నా అవమానాలు, ఒక్కటీ గుర్తు రాలేదు.

నలభై నిమిషాల తర్వాత నాంచారయ్య మెడకు చుట్టుకున్న ప్లాస్టిక్ కవరుతో తిరిగొచ్చాడు. జోన్ గారు తడివేలితో పంచదార అద్ది ఆయన బుగ్గ లోపల, చిగుళ్ళ మీద రుద్దింది. మింగలేని మనిషికి నీళ్ళు పోయకూడదని, ఇలాగే పెట్టాలని చెబుతూనే రుద్దింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దవడ కదిలింది. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి, నాంచారయ్యను చూసి, “ఇతనికేమైంది?” అన్నాడు.

“మీ టీలోకి పంచదార తెచ్చానని చెప్పు బాబాయ్, టీ మాత్రం వాళ్ళే తాగేశారని చెప్పు” అన్నాడు నాంచారయ్య రొప్పుతూ.

ఆరుంబావుకు పడవ లేచింది. రేపల్లె ఆసుపత్రిలో ఆ రాత్రి ఉంచారు. మర్నాడు నేను ఆయన మంచం దగ్గర నిలబడి జరిగింది దాచకుండా చెప్పాను. నాకు ముందే తెలుసునని, కావాలనే ఊరుకున్నానని చెప్పాను.

కొలిన్ గారు దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. “పద్నాలుగేళ్ళు జనం నా బోర్డు నమ్మి వెళ్ళారు. నేను మీ బోర్డు నమ్మాను. అది తప్పు కాదు. కానీ నువ్వు నాతో రెండు రోజులు కబుర్లు చెప్పావు. నాకు చెప్పాల్సింది” అన్నాడు. జోన్ గారు నా వైపు చూడలేదు. బాపట్ల వెళ్ళకుండానే వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. బండెక్కిన మనిషికి నేను జవాబుదారీ, ఆఫీసుకు కాదు. నా మాట వినని వాళ్ళ మీద కోపాన్ని, నా మాట విని సంచీ బండిలో పెట్టిన ఆడమనిషి మీద తీర్చుకున్నాను. ఇప్పుడు కాగితంలో ఏమున్నా సరే, తిథి చూసి, బండెక్కినవాళ్ళకే నేరుగా చెబుతున్నాను. అందుకు ఆఫీసు నాకు టూర్లు తగ్గించింది. తగ్గించుకోనీ.

కార్యాలయం వాళ్ళు నాంచారయ్యను మాత్రం మూడు నెలలు రేవులో పడవ కట్టనివ్వలేదు. నిర్లక్ష్యం అని రాశారు. ఆ పొద్దున రేవులో వద్దని చెప్పిన ఒకే ఒక్క మనిషి అతను. చెక్క మీద జారుకుంటూ వెళ్ళి పంచదార తెచ్చింది అతను. బోర్డు ఇప్పటికీ ఉంది. మొన్న రంగు వేశారు. అవే అంకెలు.

నా తప్పు నేను ఒప్పుకుని రాశాను. రేవు బోర్డు పెట్టిన కార్యాలయం వారూ, ఇక మీ వంతు. పౌర్ణమి నాడు తొమ్మిదిన్నరకు ఆ పాయలో పడవ వదలొచ్చని ఎవరిని అడిగి రాశారు? నాంచారయ్య నిర్లక్ష్యం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. నా కోసం కాకపోతే అతని కోసం చెప్పండి. ఈసారి బయట కూర్చోను. జవాబు చెప్పేదాకా మీ బల్ల ముందే నిలబడతాను.