మరిది రాసిన తిథుల ప్రోగ్రాము

ఎనభైల చివర్లో మా మరిది కాలేజీలో కంప్యూటరు నేర్చుకుంటూ, ఏ తేదీ ఇచ్చినా ఆనాటి తిథి చెప్పే ప్రోగ్రాము రాశాడు. నేను బడికి పోలేదు గానీ, మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పి పంచాంగం చూడటం నేర్పారు. ఆ పుణ్యమా అని, అతను అచ్చుతీసి తెచ్చిన కాగితాలను నేను పంచాంగంతో సరిచూసేదాన్ని.

అక్కడక్కడ ఒకరోజు తేడా వచ్చేది. "ఫికర్ చెయ్యకు వదినె" అని, ఆ తేదీకి మాత్రం ఒకరోజు కలిపేలా ప్రోగ్రాములో ఒక వరుస అతికించేవాడు. మళ్లీ తెచ్చిన కాగితం సరిగ్గా ఉండేది. మా అత్తగారు మురిసిపోయి వాడకట్టంతా చెప్పారు.

అది విని పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుకు మిలటరీలో ఉన్నాడు.

"మీ పెదనాయన తద్దినం వచ్చే ఏడు ఏ తారీఖుకొస్తదో చెప్పు బిడ్డా. కొత్త పంచాంగం వచ్చేదాంక ఆగితే పిలగానికి సెలవు దొరకది. పోయినేడు గట్లనే రాకపాయె."

మరిది చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"ఏందిరా, నీ మిషిన్ పండుకున్నదా?" అన్నారు అత్తగారు.

"తప్పు చెప్తే మిలటరీ అన్న వచ్చి సుత ఫాయిదా ఉండదమ్మా. పెద్దమ్మా, జర టైమియ్యి."

ఆమె వెళ్లాక, "మల్ల ఒకరోజు కలుపరాదూ?" అన్నాను.

"ఏ రోజుకు కలపాలె వదినె? చూసుకుందామంటే వచ్చేయేడు పంచాంగమే లేకపాయె. చంద్రుడు రోజూ ఒక్కతీరుగ నడుస్తడని రాసిన. గట్ల నడవడు. మొదటికెల్లి మల్ల రాయాలె."

అతికించినవన్నీ తీసేశాడు. మొదట తప్పులు ఇంకా పెరిగాయి. సందుగలోని పాత పంచాంగాలు తీసి నేను తిథులు చదువుతుంటే, అతను కాగితం మీద తప్పున్న చోటల్లా గీతలు కొట్టుకునేవాడు. మరునాడు మళ్లీ కాలేజీకి. చివరికి ఒక సాయంత్రం ఏడాది మొత్తం చదివినా ఒక్క గీత పడలేదు. అప్పుడు గానీ పెద్దమ్మకు తారీఖు చెప్పలేదు. కొడుకు ఆ రోజుకే సెలవు పెట్టుకున్నాడు.

ఉగాదికి ముందు కొత్త పంచాంగం వచ్చింది. నేను దేవుడి ముందు పెట్టబోతుంటే మరిది నా చేతిలోంచి తీసుకుని, నిలబడే పేజీలు తిప్పాడు. అదే తారీఖు. పంచాంగం నా చేతికిచ్చి గడప మీద కూర్చున్నాడు.

తద్దినం నాటికి పెద్దమ్మ కొడుకు వచ్చి, తండ్రికి తన చేత్తో పిండం పెట్టాడు. ఆ వంటలో సాయం చేసే భాగ్యం నాకు దక్కింది.