ఆర్కిడ్‌కు నల్లరేగడి మట్టి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పటాన్‌చెరులో పైపుల ఫ్యాక్టరీ ఆఫీసులో చేరి నాలుగు నెలలు, మెడలో ఐడీ కార్డు ఆదివారం కూడా తీసేవాణ్ణి కాదు (స్నానానికి తప్ప). నన్ను ఏరికోరి ఉద్యోగంలోకి తీసుకున్న మేడం ప్రసవానికి ఆరు నెలలు సెలవు పెడుతూ, రెండు రోజుల కిందటే పూలతో సహా కొన్న ఆర్కిడ్ మొక్కను ఎవరికి అప్పగించాలా అని చుట్టూ చూశారు. "మాది ఎవుసం చేసే ఇల్లు మేడం, మొక్కల సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాను. "నేనొచ్చేదాక బతికుంటే సాలు" అని ఆవిడ నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "బతుకుడేంది మేడం, మళ్ళ పూపిస్త!" అన్నాను. ఆ మాట ఆఫీసంతా విన్నది.

వారం తిరక్కుండా పూలు రాలడం మొదలైంది. శనివారం దాన్ని ఒళ్ళో పెట్టుకుని జోగిపేట బస్సెక్కి, మా ఊళ్ళో నాయనమ్మ ముందు దించాను. మా ఇంటికి కొత్త బర్రెను తోలుకొస్తే జరిగే మర్యాదలన్నీ దానికీ జరిగాయి. గడపలో నీళ్ళు, పసుపు, బొట్టు (కుండీకి), ఎండుమిరపకాయలతో దిష్టి. ఆ తర్వాత నాయనమ్మ కుండీలోకి తొంగిచూసి గుండె బాదుకుంది. "ఓరి కొడుకా, పిడికెడు మట్టన్న లేదు గదరా! బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు పెట్టిచ్చిండు. ఏర్లు గాలికి ఏలాడుతున్నయ్. దీన్ని అమ్మినోడు మనిషేనా?" ఇద్దరం ఆ దుర్మార్గుణ్ణి తిట్టుకుంటూ, పత్తిచేను నల్లరేగడి, పశువుల ఎరువు దట్టించి, చెంబెడు నీళ్ళు పోసి, పసిపిల్లకు కడుపు నింపినంత తృప్తి పడ్డాం.

సోమవారం కుండీని తిరిగి ఆఫీసుకు మోసుకొచ్చాను. పది రోజులకు ఆకులు మెత్తబడి పసుపెక్కాయి. భయపడి పూటకోసారి నీళ్ళు పోశాను, రోజుకో చోటికి మార్చాను. అంతలో మేడం నుంచి "మొక్క ఎట్లుంది?" అని మెసేజ్. నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మొదటి రోజు తీసిన ఫోటో పంపించాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు గేటు దగ్గరి అస్సాం సెక్యూరిటీ భాయ్ కుండీ చూసి నోరు తెరిచాడు. "అరే భాయ్, దీన్ని పాతిపెట్టినవా? మా ఊర్ల ఇది చెట్టు మీద ఉంటది. మట్టిల ఊపిరి ఆడదు." మట్టంతా కడిగేసి, కుళ్ళిన వేర్లు బ్లేడుతో కోసి, మళ్ళీ బొగ్గు, కొబ్బరి పీచులోనే నిలబెట్టి, పొద్దుటి వెలుతురూ అన్నం వండే గంజుల ఆవిరీ తగిలే క్యాంటీన్ కిటికీలో పెట్టాడు. "ఇగ ముట్టకు. వారంకి ఒక్కసారి నీళ్ళు. జాగ మార్చకు. కొత్త కదా, డర్ గయా, భయపడ్డది."

తిడుతుందని భయపడుతూ నాయనమ్మకు చెప్పాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గంతే గదరా! కొత్త బర్రె నాలుగు దినాలు గడ్డి ముట్టది. మనం దగ్గరికి పోతమా? నాకు మతికే లేకపాయె."

ముట్టకుండా ఉండటమంత కష్టమైన పని నేనింకేదీ చేయలేదు. రెండు నెలలకు పచ్చటి వేరు మొన ఒకటి కనబడితే క్యాంటీన్ మొత్తాన్నీ పిలిచి చూపించాను. చలికాలంలో ఆకుల మధ్య నుంచి కాడ లేచింది. మేడం తిరిగొచ్చే పొద్దుటికి సరిగ్గా మూడు పూలు! భాయ్ ముందు నడుస్తూ దారి చేయగా, కుండీని నెత్తిన పెట్టుకుని బోనంలా మోసుకెళ్ళి ఆవిడ టేబుల్ మీద దించాను. ఆఫీసంతా చప్పట్లు. జీవితంలో నాకు మొదటిసారి పడ్డ చప్పట్లవి.

చప్పట్లు ఆగాక పాత ఫోటో సంగతి ఒప్పుకున్నాను. "తెల్సు," అన్నారు మేడం నవ్వుతూ, "ఆ ఫోటోల నా హ్యాండ్‌బ్యాగుంది." తర్వాత మెల్లగా అన్నారు: "నువ్వు కొత్తగ వచ్చినప్పుడు వారం రోజులు ఎవ్వరితోని మాట్లాడలే, క్యాంటీన్‌ల అన్నం గూడ తినలే. జెర ఇడిసిపెట్టుండ్రి, తానే కుదురుకుంటడని అందరికీ నేనే చెప్పిన."

అన్నీ తెలిసిన నాకు ఆ ఒక్కటి తెలియదు. ఇప్పుడు మా బాల్కనీలో ఏడు ఆర్కిడ్లున్నాయి. కొత్తది తెచ్చిన ప్రతిసారీ కిటికీలో పెట్టి, వేలు కూడా తగలకుండా వచ్చేస్తాను. అప్పుడు ఐడీ కార్డు వేసుకుని బిత్తరచూపులు చూసే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాణ్ణి కూడా ఇలాగే ఓపికగా ఒక కిటికీ పక్కన వదిలేసినావిడ గుర్తొచ్చి, కొత్త మొక్క ఫోటో, ఆ రోజు తీసిందే, ఆవిడకు పంపిస్తాను.