తమ్ముడికి పాలు పట్టిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ల వయసులో, మా ఇంట్లో పాలసీసా బాధ్యత తాతయ్య మీద పడింది. తొంభైల మొదటి రోజులవి. భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్ల సెక్టర్ 2 క్వార్టర్లలో ఉండేవాళ్లం. తమ్ముడికి మూడో నెల నడుస్తుండగా అమ్మకి టైఫాయిడ్ ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. నాన్న ప్లాంటులో డ్యూటీ దిగి నేరుగా అమ్మ దగ్గరికే వెళ్లేవారు. నాయనమ్మ చాలా ముందే పోయింది. ఇంట్లో మిగిలింది తాతయ్య, నేను, డబ్బా పాలకి అప్పుడప్పుడే అలవాటు పడుతున్న తమ్ముడు.

తాతయ్య అదే ప్లాంటులో ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ప్రతిసారీ సీసానీ పాలపీకనీ గిన్నెలో మరగబెట్టి, ఉతికిన గుడ్డ మీద బోర్లించేవాడు. తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకున్నాక సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరు పలకరించినా తల ఊపేవాడే గానీ మాట్లాడేవాడు కాదు. తాగేది వాడు కదా, ఈయన కదలకుండా కూర్చోవడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం పాలు కలిపి, వాణ్ణి నా ఒళ్లో పెట్టి, గుడ్డలు ఆరేసి వస్తానని తాతయ్య పెరట్లోకి వెళ్లాడు. ఇంతలో గేటు దగ్గర నా స్నేహితురాళ్లు ఏడు పెంకులాటకి పిలిచారు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. తమ్ముణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తువ్వాలు మడత పెట్టి, దాని మీద సీసా ఆనించి నోటికి అందేలా పెట్టాను. వాడు హాయిగా చప్పరిస్తున్నాడు. గేటు దాకా పరుగెత్తాను.

ఎవరు ఏ జట్టో ఇంకా తేలనేలేదు, లోపల్నించి నీళ్లు గొంతులో గుడగుడలాడినట్టు ఒక శబ్దం వినిపించింది. తిరిగి వచ్చేసరికి వాడి మొహం కమిలిపోయి ఉంది. ముక్కులోంచి పాలు వస్తున్నాయి. ఏడుపు రావడం లేదు. ఆ శబ్దం విన్నాడో ఏమో, భుజం మీద తడిగుడ్డలతోనే తాతయ్య పరుగున వచ్చాడు. వాణ్ణి తన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో తట్టాడు. నాలుగు దెబ్బలకి పాలు బయటికి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

వెంటనే రిక్షాలో డిస్పెన్సరీకి వెళ్లాం. డాక్టరమ్మ గుండె, ఊపిరి అన్నీ చూసి, ప్రమాదం లేదని చెప్పింది. ఆ తర్వాత, పసివాణ్ణి పడుకోబెట్టి పాలు పట్టింది ఎవరని హిందీలో గట్టిగా అడిగింది. నేను తాతయ్య వెనక్కి జరిగాను.

"మైనే పిలాయా, మేడమ్," అన్నాడు తాతయ్య, పట్టింది తానేనని.

అంత వయసు వచ్చి ఆ మాత్రం తెలియదా అని ఆవిడ అందరి ముందూ మందలించింది. తాతయ్య చేతులు కట్టుకుని అంతా విన్నాడు. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక తిడతాడని గోడవారగా నిలబడ్డాను. తాతయ్య చాప పరిచి, "పడుకోయే తల్లీ, ఎల్లకిలా," అన్నాడు. చిన్న చెంచాతో నా నోట్లో నీళ్లు పోశాడు. మింగబోతే కొంచెం ముక్కులోకి పోయింది. దగ్గు ఇంకా ఆగలేదు, రెండో చెంచా తెచ్చాడు. చేత్తో తోసేశాను.

"నువ్వు తోసీగలవు. గుంటడికి తొయ్యడం తెల్దు కదేటి. ఆడికి చాలో, కావాలో మనవే మొకం చూసి తెలుసుకోవాల."

అప్పుడు ఏడ్చాను. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. ఇక తమ్ముణ్ణి నా చేతికి ఇవ్వరనే అనుకున్నాను. కానీ వాడికి మళ్లీ ఆకలి వేసినప్పుడు తాతయ్య కొత్తగా పాలు కలిపి నన్నే పిలిచాడు. "నా చేతులు ఫర్నేస్ కాడ మొద్దుబారిపోనాయి, నాకు ఏడి సరిగా తెల్దు. నువ్వే సూడు," అంటూ నా మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేశాడు. గోరువెచ్చగా ఉన్నాయి. గోడకి ఆనుకుని కూర్చోమని, తమ్ముడి తల నా మోచేతి మీద కాస్త ఎత్తుగా ఉండేలా సర్దాడు. గాలి పోకుండా పీక నిండా పాలు ఉండేలా సీసా ఎంత వంచాలో నా చెయ్యి పట్టుకుని చూపించాడు. మధ్యలో వాడు మొహం తిప్పుకుంటే ఆపించాడు. భుజం మీద వేసుకుని వీపు నిమిరితే త్రేన్చాడు. మిగిలిన పాలు తాతయ్య పారబోశాడు. ఆ కాసేపూ తమ్ముడు నా కళ్లలోకే చూస్తూ తాగాడు. అన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నా వాణ్ణి అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి.

అమ్మ ఇంటికి వచ్చిన రోజున ఆ మధ్యాహ్నం సంగతి నేనే చెప్పాను. తాతయ్య చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. నా పిల్లలిద్దరూ సీసా మరిచి ఏళ్లయింది. అయినా ఎవరి పసిబిడ్డకి పాలు పట్టినా, మంచం పట్టిన మా అత్తగారికి జావ తాగించినా, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు కూర్చుంటాను. గుక్క దిగేదాకా ఆ మొహమే చూస్తాను. ఆ కాసేపు నాకు వేరే పని ఉండదు.