వర్డీ ఊపిరి తీసుకోని చోటు

సెప్టెంబరులో అమెరికా రాజ్యాంగ దినం దగ్గరపడుతోందంటే ఓనీడా టీచరుకి వెతుకులాట మొదలవుతుంది. మా అలబామా ఊళ్లో ఎనిమిదో తరగతికి ఆమే చరిత్ర చెబుతుంది. లైబ్రరీ నుంచి పటాలు, ఇంటర్నెట్లో దొరికిన ప్రశ్నల ఆటలు, పాతకాగితంలా గోధుమరంగు అద్దిన రాజ్యాంగ ప్రతులు, అన్నీ తెచ్చి చూసింది. పిల్లలు ఆ సంతకాల వంకర్లు చూసి నవ్వుకుని, గంట కొట్టగానే లేచిపోయేవారు.

ఆమెకు కావలసింది వేరే ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ వర్డీ గిన్నెలు కడుగుతూ రాజ్యాంగంలోని ఒక వాక్యం పాడేది. మా నల్లవాళ్లు ఓటరుగా పేరు రాయించుకోవడానికి కోర్టుకి వెళ్తే, గుమాస్తా అడిగిన రాజ్యాంగ వాక్యం తడుముకోకుండా ఒప్పజెప్పాల్సిన రోజులవి. మా చర్చిలో పాట ఎత్తుకునే పెద్ద, డీకన్ ఎజెల్, దాన్ని కీర్తనలాగే నేర్పాడు. ఆయన ఒక వరుస గబగబా అందిస్తే, జనం దాన్ని లాగి లాగి పాడేవారు. ఓనీడాకి ఆ రాగం లీలగా గుర్తుందిగానీ పట్టుబడదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పాడినవాళ్లలో మిగిలింది ఎజెల్ ఒక్కడే. ఏటా బడికి రమ్మని అడుగుతుంది, ఏటా ఆయన మోకాళ్ల నొప్పులంటాడు. ఆమెకు ఉద్యోగంలో ఇదే ఆఖరి ఏడు.

ఈసారి అదే బడిలో లెక్కలు చెప్పే నన్నూ వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. ఎజెల్ వసారాలో అలసందలు వలుస్తున్నాడు. ఊరికే కూర్చోనివ్వడుగా, మా ఒళ్లోనూ చెరో గిన్నె పెట్టాడు.

"మా బడికి మెట్లు లేవు తాతా. మోకాళ్ల సాకు చెల్లదు," అంది ఓనీడా.

"మోకాళ్లు కాకపోతే నడుముందిగా," అన్నాడు. కానీ నవ్వలేదు. కాసేపటికి తనే చెప్పాడు. ఓటు కోసం వెళ్లిన రోజు కోర్టులో వర్డీకి కంగారులో మాటలు రాలేదట. వాక్యం పాటగానే వచ్చిందట. గుమాస్తా పక్కగది వాళ్లని పిలిచి మళ్లీ పాడించి, అందరూ నవ్వాక ఓటివ్వకుండానే పంపేశాడట.

"మాటగా నేర్పుంటే మీ అమ్మ నవ్వులపాలయ్యేది కాదు. ఆ పని చేసింది నా పాటే," అన్నాడు.

ఓనీడాకి ఈ సంగతి తెలియదు. ఒళ్లోని గిన్నె పక్కన పెట్టి ఆయనవైపు తిరిగింది.

"చట్టం మారి, ఓటొచ్చాక కూడా పాడింది తాతా. గిట్టనిదాన్ని వంటింట్లోకి రానిచ్చే మనిషా మా అమ్మ?"

ఆయన చేతిలో కాయ గిన్నెలో పడేసి, బడి ఎన్నింటికని అడిగాడు.

రాజ్యాంగ దినాన ఎజెల్ చర్చికి వేసుకొచ్చే కోటులో బడికి వచ్చాడు. ప్రజలు శాంతిగా కూడి, తమ బాధ తీర్చమని ప్రభుత్వాన్ని అడిగే హక్కు గురించినది వర్డీ పాడిన ఆ వాక్యం. వరుస అందించాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన పట్టించుకోకుండా మళ్లీ అందించాడు. మూడోసారికి నవ్వులు రాగంలో కలిసిపోయాయి. ఓనీడా కూడా గొంతు కలిపి, మధ్యలో ఆగింది.

"అక్కడ కాదమ్మాయ్," అన్నాడు ఎజెల్. "మీ అమ్మ అక్కడ ఊపిరి తీసుకునేది కాదు. 'హక్కు' దాకా ఒకటే ఊపిరి."

ఆమె మళ్లీ ప్రయత్నించింది. అందలేదు.

గంట కొట్టింది. ఎప్పట్లాగే సగం మంది లేచిపోయారు. మిగతావాళ్లు 'హక్కు' దాకా అందుకోవాలని మొహాలు ఎర్రబడేలా ఊపిరి బిగబట్టి పాడుతున్నారు. ఓనీడా వాళ్లతో కలిసి మళ్లీ మొదలుపెట్టింది, అమ్మ ఊపిరి ఎంత పొడుగుండేదో కొలుచుకుంటున్నట్టు.