బెదరని గుర్రం

ఆదివారం పొద్దున్నే గేటు ముందు కారు ఆగి, అందులోంచి మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్న మనిషి దిగితే, గుర్రాలత్త ముందు ఆ బూట్లనే చూస్తుంది. బూట్లు ఎంత తళతళలాడితే మనిషికి గుర్రం సంగతి అంత తక్కువ తెలుసని ఆమె లెక్క. ముప్ఫై ఏళ్ళుగా ఈ లెక్క తప్పలేదు.

"మంచి హుషారైన గుర్రం ఇవ్వండి," అంటాడు బూట్లాయన, పెళ్ళాం వింటోందో లేదో ఓరకంట చూసుకుంటూ.

"హుషారు మీ దగ్గర బోలెడుందిగా. గుర్రం కూడా హుషారైతే మధ్యలో మీ నడుమేం పాపం చేసింది?" అంటుంది గుర్రాలత్త. అని, సాల మొత్తంలో నిదానమైన ఆడగుర్రం మీద అతన్ని ఎక్కించి పంపిస్తుంది. గంట తర్వాత అతను చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, గుర్రాన్ని లొంగదీశానని పెళ్ళాంతో చెప్పుకుంటాడు. ఆ గుర్రానికి పంతొమ్మిదేళ్ళు. పేరు పెద్దమ్మ. దాన్ని లొంగదీయడమంటే నిద్రపోతున్నవాణ్ణి జోకొట్టడమే.

ఊరంతా ఆమెను గుర్రాలత్త అనే పిలుస్తుంది. నిజమైన అల్లుడు ఒక్కడే గానీ, అత్తా అని పిలిచేవాళ్ళు వీధికి పదిమంది. యాభై ఎనిమిదేళ్ళు, మనిషి పొట్టి, నోరు పొడుగు. ఊరి చివర రేకుల కప్పు కింద పద్నాలుగు గదుల సాల, ముందు సిమెంటు వాకిలి, వెనక వాగు గట్టు వెంట పొలాల్లోకి పోయే మట్టిబాట. ఆ బాట మీద కంగారు లేకుండా ఓ రెండు గంటలు తిరిగి రావాలనుకునేవాళ్ళకు ఆమె గుర్రాలను అద్దెకిస్తుంది. ఎవరికైనా ఒకటి బాగా కుదిరిందనిపిస్తే అమ్ముతుంది. పందేలకు ఇవ్వదు. ఎగిరి దూకేవాటిని గుమ్మం తొక్కనివ్వదు.

దానికి కారణం ఆమె మొగుడు. ఆయనకు కాలు నేల మీద నిలవని గుర్రాలంటే పిచ్చి. పెళ్ళైన పన్నెండేళ్ళలో రెండు చేతులు, ఒక కాలు, ఒక భుజం విరగ్గొట్టుకున్నాడు. పడ్డ ప్రతిసారీ దుమ్ములోంచే "అబ్బ, ఏం జాతమ్మా!" అని మెచ్చుకునేవాడు. సిమెంటు కట్టుతో మంచమెక్కిన మొగుడికి ముద్దలు తినిపిస్తూ ఆమె ఆ జాతిని, ఆ మెచ్చుకోలును కలిపి తిట్టుకునేది. చివరకు ఆయన్ని తీసుకుపోయింది గుర్రం కాదు, మామూలు జ్వరం. ఏడాది తిరక్కుండా ఆమె ఆ జాతివాటినన్నిటినీ వదిలించుకుని, నెమ్మదైనవి కొనడం మొదలుపెట్టింది. గుర్రాల వ్యాపారులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సాల కాదు, ముసలివాళ్ళ ఆశ్రమం అన్నారు. వాళ్ళు నవ్వుతూ ఉండగానే, గుర్రమెక్కాలని ఆశ, ఎక్కితే పడతామని భయం ఉన్న జనమంతా ఆమె గేటు ముందు వరస కట్టారు. లోకంలో అలాంటి జనమే ఎక్కువని ఆ మేధావులకు తట్టలేదు.

ఆమె దగ్గరకు వచ్చిన ప్రతి గుర్రానికీ పరీక్ష ఉంటుంది. ముందు దాని వెనక నిలబడి రేకు పళ్ళేన్ని సిమెంటు మీదకు విసురుతుంది. తర్వాత కాగితం సంచి ఊది చెవి పక్కన పగలగొడుతుంది. మోటారు సైకిలు తెప్పించి తోక దగ్గర హారన్ కొట్టిస్తుంది. మొహం ముందు టప్పున గొడుగు తెరుస్తుంది. ఇవన్నీ దాటితే తనే ఎక్కి, లారీలు తిరిగే నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళి, ఓ పక్కన గుర్రాన్ని నిలబెట్టి పేపరు చదువుతుంది. చివరి పేజీ దాకా గుర్రం కదలకపోతే అప్పుడు ఊఁ అంటుంది. అత్త ఊఁ అంటే ఊరు కళ్ళు మూసుకుని ఎక్కుతుంది. ఒకసారి ఒక బేరగాడు మత్తుసూది పొడిచిన గుర్రాన్ని మహా నెమ్మదైనదని తోలుకొచ్చాడు. అది పేపరు మధ్య పేజీకి వచ్చేసరికి తూలింది. ఆమె వాణ్ణి పదిమందిలో నిలబెట్టి, "అబద్ధం నోటితో చెప్పేవాణ్ణయినా క్షమిస్తాను గానీ, నోరులేని జీవంతో చెప్పించేవాణ్ణి క్షమించను," అని గేటు దాకా తిడుతూనే సాగనంపింది. ఆ కథ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరూ చెప్పకపోతే ఆమే చెబుతుంది.

అలాంటి మనిషి దగ్గరకు, వానలు తగ్గాక ఒక గోధుమరంగు గుర్రం వచ్చింది. ఎనిమిదేళ్ళది. నుదుటి నుంచి మూతి దాకా మొహమంతా తెలుపు, ఒక కన్ను నీలం. తెచ్చింది అల్లుడు. కూతురికి నచ్చాడు కాబట్టి సరిపోయింది గానీ, తన పరీక్షకు పెడితే రేకు పళ్ళెం దగ్గరే పారిపోయే రకమని అల్లుడి మీద గుర్రాలత్తకున్న అభిప్రాయం.

పళ్ళెం పడింది. సాలలోని గుర్రాలన్నీ తలలెత్తాయి, ఇదొక్కటీ ఎత్తలేదు. సంచి పగిలింది. చెవైనా ఆడించలేదు. హారన్ మోగుతుంటే గడ్డి నములుతూనే ఉంది. గొడుగు తెరిస్తే మాత్రం తలెత్తి చూసి, ఓసారి వాసన చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. కూడలి దగ్గర ఆమె వార్తలన్నీ చదివి, ఇక మిగిలిందేమీ లేక ప్రకటనలు కూడా చదివింది.

"ముప్ఫై ఏళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు. లోకం మీద ఆశ వదులుకున్న జీవం ఇది. సన్యాసి!" అంది. ఆ పేరే ఖాయమైంది.

సన్యాసిని ఎవరికివ్వాలో కూడా ఆమె అప్పుడే అనేసుకుంది. లెక్కల టీచరుకి. ఉద్యోగం నుంచి దిగిపోయి మూడేళ్ళైన మనిషి ఆమె. వాగు గట్టు మీద సొంత గుర్రమెక్కి తిరగాలని ఎప్పటి నుంచో కోరిక. అయితే ఆమె మణికట్లు కీళ్ళవాతంతో వాచిపోయాయి, పగ్గం లాగి పట్టే బలం లేదు. కాబట్టి నోటిమాటకు ఆగే గుర్రమే కావాలి. అలా ఆగకపోతే ఆమె ప్రాణం లారీవాడి దయ. గుర్రాలత్త నెలరోజులు తనే ఎక్కి సన్యాసికి నేర్పింది. ఆగు అంటే ఆగింది. ప్రతిసారీ ఆగింది.

ఓ శనివారం టీచర్ని ఎక్కించింది. వాకిలి చుట్టూ రెండుసార్లు నడిపించాక, "ఇప్పుడు ఆగమనండి," అంది.

"ఆగు," అంది టీచరు, జీను మీద బిగుసుకుపోయి ముందుకు వంగి.

సన్యాసి నడుస్తూనే ఉంది.

"గట్టిగా!"

"ఆగు! ఆగు!"

సన్యాసి తీరుబడిగా గేటు దాటి రోడ్డెక్కింది. ఎదురుగా కలప లారీ వస్తోంది. గుర్రాలత్త చెప్పులు వదిలేసి పరిగెత్తి కళ్ళెం పట్టుకుంది. లారీ పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్నేళ్ళూ బళ్ళో పిల్లల్ని ఎలా ఆపారు టీచరమ్మా? ఆ గొంతుకు దోమ కూడా ఆగదు!"

"నేను గట్టిగానే అన్నానండీ... దానికే ఏదైనా..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు గుర్రం మీదకి నెట్టకండి. ఆ గుర్రానికి ఊఁ అన్నది నేను."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. టీచరు మెల్లగా దిగి, జుట్టు సవరించుకుని, వచ్చే వారం లోపు ఇంట్లో గొంతు సాధన చేస్తానని చెప్పి వెళ్ళింది. నిజంగానే చేసింది. రోజూ సాయంత్రం గదిలో ఒక్కతే నిలబడి "ఆగు" అని అరుస్తుంటే, ఇంట్లో దొంగలెవరైనా పడ్డారా అని పక్కింటివాళ్ళు వచ్చి అడిగారట.

మంగళవారం పొద్దున గుర్రాలత్త దాణా బకెట్టుతో సాల వెనక దారిన వచ్చింది. బకెట్టు చప్పుడుకు గుర్రాలన్నీ సకిలించాయి. సన్యాసి మాత్రం గోడ వైపు తిరిగి నిలబడే ఉంది. "ఏరా, తిండి మీద కూడా వైరాగ్యమేనా?" అంటూ వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసింది. లోకం మీద ఆశ వదులుకున్న ఆ జీవం నిలువునా అదిరిపడి, బకెట్టును తన్ని, గోడకు అతుక్కుపోయి గజగజ వణికింది.

గుర్రాలత్త ఒలికిపోయిన బకెట్టును చేతిలోకి తీసుకుంది. తర్వాత గోడ అవతలకు వెళ్ళి, ఖాళీ బకెట్టును రాయితో బాదింది. పక్క గదిలో పెద్దమ్మ ఉలిక్కిపడింది. సన్యాసి చెవులు వేలాడుతూనే ఉన్నాయి.

పశువుల డాక్టరు వచ్చి చూసి, "పుట్టు చెవుడమ్మా. మొహమంతా ఇలా తెల్లగా ఉన్నవాటిలో కొన్నింటికి ఉంటుంది," అన్నాడు.

"మరి నేను ఆగమంటే ఆగింది కదయ్యా!"

"ఒకసారి ఎక్కి చూపించండి."

ఎక్కి ఆగు అంది. ఆగింది.

"ఈసారి అనాలనుకోండి, కానీ అనకండి."

నోరు మూసుకుంది. అయినా ఆగింది.

"చూశారా? ఆ మాట నోట్లోకి వచ్చేముందే మీ నడుము వెనక్కి వాలుతోంది. దానికి అర్థమైంది మీ నడుము. టీచరుగారు భయంతో ముందుకు వంగి కూర్చుంటారన్నారుగా? ఆవిడ నోరు ఆగు అంటోంది, నడుము పద పద అంటోంది. పాపం గుర్రం విన్నది దాన్నే."

ఈ సంగతి తెలిసి అల్లుడు తెగ సంబరపడ్డాడు. "ఇంకా మంచిదేగా అత్తయ్యా! ఏ చప్పుడుకూ బెదరదు. టీచరుగారికి నడుము వాల్చడం నేర్పిస్తే సరి. చెవిటిదని మనం చెప్పకపోతే అది చెబుతుందా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది, పో!" అని అతన్ని కసిరింది. కసిరిందే గానీ, ఆ మాట ఆమె బుర్రలోంచి పోలేదు. నిజమే, ఎవరు చెబుతారు? డాక్టరు నోరు జారే మనిషి కాదు. పది రోజులు నేర్పితే టీచరు వెనక్కి వాలడం నేర్చుకుంటుంది. ఏదో ఒకరోజు లారీ ఎదురైతే, భయంలో మళ్ళీ ముందుకు వంగుతుంది. అప్పుడు? అయినా సరే, పదిమందిలో 'నాకు తెలియలేదు' అనడం కంటే ఆ 'అప్పుడు' దూరంగా, తేలికగా కనిపించింది ఆమెకు. మూడు రోజులు ఆ మాట చుట్టూనే తిరిగింది. ఆ మూడు రోజులూ సూది పొడిచిన బేరగాడి మొహం గుర్తొస్తూనే ఉంది. వాడికీ తనకూ తేడా ఏమిటా అని వెతికితే, వాడికి సూది ఖర్చయింది, తనకు అదీ లేదు. ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

ఆదివారం వాకిలి నిండా జనం. బూట్లాయన కూడా ఉన్నాడు. టీచరు గొంతుకు శాలువా చుట్టుకుని వచ్చింది, అరిచి అరిచి బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతు వినేసరికి గుర్రాలత్తకు ఇక ఆగబుద్ధి కాలేదు.

"అందరూ ఇటు వినండి. సన్యాసి చెవిటిది. పుట్టు చెవుడు. నేను పరీక్ష చేసి నెమ్మదైనదన్నాను. నాకు తెలియలేదు. ఆరోజు ఈవిడ గొంతును నోటికొచ్చినట్టు తిట్టాను. గొంతు బాగానే ఉంది. తప్పు నాది."

ముందు బూట్లాయన పగలబడి నవ్వాడు. "అయితే నెలరోజులు చెవిటివాడి ముందు శంఖం ఊదావన్నమాట అత్తా!"

ఇక అందరూ అందుకున్నారు. పేపరు చదివి వినిపించావా అని ఒకడు, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు, చెవిటిదైనా అంతేలే అని ఇంకొకడు. ఒక్కొక్కడికి నాలుగేసి జవాబులు గుర్రాలత్త నాలుక చివర ఉన్నాయి. అన్నీ మింగింది. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. లోపలికి వెళ్ళి పెద్దమ్మకు జీను వేసి, తనే నడిపించుకొచ్చింది.

"ఇది తీసుకోండి టీచరమ్మా. గుసగుసలాడినా ఆగుతుంది. నాకు సన్యాసి చాలు."

టీచరు పెద్దమ్మ మెడ నిమిరింది గానీ ఎక్కలేదు. జనం అటు మళ్ళాక మెల్లగా అంది.

"నా ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేదండీ. చివరి బెంచీ. మాట్లాడేది కాదు, కదిలేది కాదు. కిటికీ బయట బ్యాండు పోతున్నా తల తిప్పేది కాదు. క్రమశిక్షణ బహుమతి రెండుసార్లు దానికే ఇప్పించాను. లెక్కలు మాత్రం చేసేది కాదు. 'వినవే, చెవిటిదానా' అని తిట్టేదాన్ని."

గుర్రాలత్త జీను పట్టీ బిగిస్తున్నదల్లా ఆపేసింది.

"ఒకరోజు దాని వెనక నా చేతిలోంచి గాజుగ్లాసు పడి పగిలింది. అప్పుడు తెలిసింది."

"ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. చెబితే బహుమతి ఇప్పించింది ఎవరని అడుగుతారుగా. ఆ ఏడు పిల్ల పరీక్ష తప్పింది. మొద్దని ఇంట్లోవాళ్ళే మాన్పించేశారు."

గుర్రాలత్త ఆమెను ఎగాదిగా చూసింది. అనాల్సినవి చాలా ఉన్నాయి. కానీ ఈ పొద్దున దాకా తనున్నది కూడా అక్కడే.

"ఇప్పుడెక్కడుంది?"

"బజార్లో, రొట్టెల కొట్టు పక్కన. కుట్టుమిషను పెట్టుకుంది." టీచరు తల దించుకుంది. "నా బట్టలు నేను వేరే వీధిలో కుట్టించుకుంటాను."

"ఎక్కండి," అంది గుర్రాలత్త. ఎక్కించి, రికాబులో కాలు సరిగ్గా పెట్టించి, పగ్గం చేతికిచ్చింది. "ఎటు పోదామనుకున్నారు?"

"వాగు గట్టుకి."

"వాగు ఎక్కడికీ పోదు. బజారుకి పోండి."

"నేను చెప్పేది ఆ పిల్లకి వినపడదు కదండీ."

"వినపడకపోతేనేం, కళ్ళున్నాయిగా! ఎదురుగా వెళ్ళి నిలబడండి. ఇన్నాళ్ళూ పక్క వీధినుంచి పోయారు, చాలు."

పెద్దమ్మ డెక్కల చప్పుడుతో వాకిలి దాటింది. గేటు దగ్గర టీచరు ఆగు అంది, బొంగురు గొంతుతో, దాదాపు నోట్లోనే. పెద్దమ్మ ఆగింది. ఎడమకు తిరిగి సాల వెనక్కి పోతే వాగు, కుడికి తిరిగితే బజారు. బూట్లాయన గడియారం చూసుకుంటూ తన వంతు ఎప్పుడని అడుగుతున్నాడు, గుర్రాలత్త గేటు వైపే చూస్తోంది. చాలాసేపటికి టీచరు పగ్గాన్ని కుడివైపుకి తిప్పింది.