పసుపు పెట్టని పీట

రండమ్మా, చాప మీదకి జరిగి దగ్గరగా కూకోండి. ఫ్యాను కింద చోటుంది. మా అమ్మాయి థీసిస్ ఎలా పూర్తయిందో చెప్తాను. నాను ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని. ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఏటి రాసుందో చదవలేను గానీ, అది తయారైందంతా నా కళ్ళ ముందే.

పాప డిజైన్‌లో పీజీ చదివింది. డిజైనంటే బట్టల మీద పువ్వులు కాదు, మనుషులు వాడుకునే సామాను ఎలా ఉంటే సుఖమో ఆలోచించే చదువు. ఆఖర్న ఒక వస్తువు తయారుచేసి, దాని గురించి పుస్తకం రాసి, పెద్ద సార్ల ముందు చూపించాలి. దాన్ని జ్యూరీ అంటారు. దగ్గరుండి సరిదిద్దడానికి గైడని ఒక సారుంటారు. పాప గైడుది పెందుర్తి. మొదట పాప ఏవో బొమ్మలు గీసి పట్టుకెళితే, "ఇది ఎవరి కోసం? ఆ మనిషిని నాకు చూపించు" అని తిప్పి పంపేశారు.

ఆ మనిషి మా అత్త. పూర్ణా మార్కెట్‌లో నేల మీద కూకుని చేపలు కోసి అమ్మేది. ఇంటికొచ్చాక గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయేది. ఆవిడ కోసం పాప ఒక పీట అనుకుంది. టేపు పట్టుకుని ఆవిడ చుట్టూ తిరిగింది. మోకాలెత్తు, నడుం, చెయ్యి ఎంత దూరం చాస్తుందో, అన్నీ కొలిచింది.

"ఏటే, నాకు జాకెట్టు కుడతన్నావా, పాడె కడతన్నావా?" అనేది మా అత్త.

"కదలకు మామ్మా. కదిల్తే రెండూ పాడైపోతాయ్."

గాజువాకలో వెల్డింగ్ షాపులో చేయించింది. ఇనప గొట్టాల కాళ్ళు, చెక్క సీటు, ముందు కత్తిపీట బిగించే చోటు. గైడు సారు తేలికైన రేకు పెట్టమన్నారు. ఇనుమైతే మామ్మ కింద ఊగదని పాప వినలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గంపైనా, కత్తైనా, తెడ్డైనా, పని సామాను కొత్తది వస్తే పసుపు రాసి బొట్టు పెడతాం. ఎవరు పెడితే అది వాళ్ళది. ఆ మనిషి పోతే పెద్దకర్మనాడు ఆ సామాను కూడా సముద్రంలోకే.

పీట వాడి చూడ్డానికేనని, తిరిగి ఇచ్చెయ్యాలని పాప ముందే చెప్పింది. మా అత్త తలూపింది. పాప స్నానం చేసి వచ్చేసరికి పీట కాళ్ళకి పసుపు, సీటుకి కుంకం. ఆవిడ దాని మీద దర్జాగా కూకుని ఉంది.

"మామ్మా, ఇది కాలేజీదే!"

"కాలేజీకి మోకాళ్ళున్నాయేటే?"

ఫోటోలు చూసి గైడు సారు, "ఈ పసుపేంటమ్మా? జ్యూరీకి కడిగేసి తీసుకురా" అన్నారట. పాప సరేనంది. కడగలేదు.

జ్యూరీ దగ్గర పడుతోందనగా ఒక మధ్యాహ్నం మా అత్త మార్కెట్ నుంచి వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, గోడకి చేరబడింది. అన్నానికి పిలిస్తే పలకలేదు. అంతే.

పరామర్శకి గైడు సారు మా ఇంటికొచ్చారు. మంచి మనిషి. కింద చాప మీదే కూకున్నారు. మా ఇంటాయనతో మెల్లిగా అన్నారు.

"అయ్యా, జ్యూరీ ఒక్కరోజే. ఆ పీట లేకపోతే ఈసారి అమ్మాయి పాసవదు. నేనే తీసుకెళ్ళి, నేనే తెచ్చి అప్పజెప్తాను."

"పెద్దకర్మ జ్యూరీకి ముందే వస్తంది సారూ. అది మా అమ్మది. అమ్మతో ఎల్లిపోవాల."

"పోనీ, అచ్చం అలాంటిదే ఇంకోటి చేయిస్తే?"

దానికి పాప జవాబిచ్చింది. "సేయించొచ్చు సార్. దాని మీద ఎవర్ని కూకోబెట్టను?"

మా ఇంటాయన కూతురి వైపు చూశాడు. వద్దు నాన్నా అని ఒక్క మాటంటే ఆగిపోయేవాడే. నాకు తెలుసు. పెద్దకర్మనాడు పాప లేచి, పీట ఒక వైపు తనే పట్టుకుంది.

పడవలో తీసుకెళ్ళి లోతులో వదిలారు. ఇనుము కదా, ఒక్కసారి కూడా తేల్లేదు.

జ్యూరీలో బయటూరి సారొకాయన, "మోడల్ ఎక్కడ?" అన్నాడట. "సముద్రంలో ఉంది సార్" అంటే అందరూ నవ్వారట. గైడు సారు తల దించుకున్నారట. పాప ఫెయిలైంది. ఆర్నెల్లు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ళ నాన్న వడ్డిస్తే కంచం ముందు నుంచి లేచిపోయేది. అలా లేచిపోయినా ఆయన మళ్ళీ మర్నాడు వడ్డించేవాడు.

అప్పటికి మార్కెట్‌లో మా అత్త చోటులో నాను కూకుంటన్నాను. ఒక సాయంత్రం పాప టేపు తీసి, నా మోకాళ్ళు కొలిచింది. పాడె మాట నా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

కొత్త పీట వచ్చింది. కొన్నాళ్ళు దాని మీదే అమ్మాను. హాయిగా ఉండేది, అబద్ధమెందుకు. మొదటి రోజే పసుపు గిన్నె పట్టుకుని దగ్గరకెళితే పాప నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. పసుపెడితే నీదైపోద్ది."

గిన్నె తెచ్చి దేవుడి గూట్లో పెట్టేశాను.

ఈసారి పాసైంది. గైడు సారు ఫోన్లోనే ఏడ్చినంత పని చేశారు. పుస్తకం మొదటి పేజీలో మా అత్త ఫోటో ఉంది. పీట చాలా బాగుందని కాలేజీవాళ్ళే ఉంచేసుకున్నారు. మొన్న వెళ్ళి చూశాను. అద్దాల వెనక పెట్టారు. కింద ఇంగ్లీషులో ఏదో బోర్డుంటే పాపని చదవమన్నాను. దీని మీద కూర్చోరాదు అని రాసుందమ్మా అంది.

ఇప్పుడు మళ్ళీ నేల మీదే కూకుంటన్నాను. లేచేటప్పుడు గోడ పట్టుకుంటాను, అత్త పట్టుకున్న చోటే.

ఇంతసేపూ విన్నారు, చల్లగా ఉండండమ్మా. మీ ఇంట్లో పెద్దోళ్ళు గోడ పట్టుకోకుండా లేవాలి. మీ పిల్లలు చేతులారా చేసింది మీ ఇంట్లోనే, మీ వాళ్ళ కిందే అరిగిపోవాలి.