కుడి సీటులో చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. నేరేడ్‌మెట్ నుంచి చిన్నాయన ఫోన్ చేసి, "మీ చిన్నమ్మ ఇంక లేదు బిడ్డా, నువ్వు జల్ది రా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. చివరికి నేనే పెట్టేసి ఆటో ఎక్కాను. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ఎటు మొదలుపెట్టినా కారు దగ్గరికే వస్తోంది. చదివేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆవిడ బతుకంతా ఆ కారు కుడి సీటులోనే ఉంది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. బోయిగూడలో పుట్టి పెరిగింది, బడి మధ్యలోనే మానేసింది. చిన్నాయనకు రాణిగంజ్‌లో లారీ విడిభాగాల దుకాణం ఉండేది. మనిషి మంచివాడే గానీ ఇంట్లో ఆయన మాటే శాసనం. ఏ కూర వండాలో, ఏ పెళ్ళికి వెళ్ళాలో ఆయనే చెప్పాలి. పిల్లలు లేరు. అట్లాంటి మనిషి ఒకరోజు, ఎవరో అమెరికా ఇంజినీరు వదిలేసి వెళ్ళిన కారును వేలంలో పాడి ఇంటికి తెచ్చాడు. దాని పేరు కార్వెట్. ముందు పొడుగాటి ముక్కు, వెనక వాలుగా దిగే టాపు, రెండే సీట్లు. గల్లీలో అందరూ దాన్ని విమానం అనేవారు.

అమెరికా బండి కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన రోడ్ల మీద ముందున్న లారీని దాటాలంటే, ఎడమన కూర్చున్నవాడికి ఎదురుగా ఏమొస్తోందో కనబడదు. కుడి సీటులో ఉన్నవాళ్ళు తొంగిచూసి చెప్పాలి. ఆ పని చిన్నమ్మకు పడింది. "ఆగు. బస్సొస్తుంది. జెర ఆగు. ఆ, పో." ఆవిడ పో అంటేనే ఆయన కాలు కదిలేది. ఆ మాట మీద ఇద్దరి ప్రాణాలూ ఉండేవి.

"ఇంట్ల ఎన్నడన్నా నా మాట ఇన్నడా మీ చిన్నాయన? కారెక్కినంకనే నేను చెప్పినట్టు ఇంటడు" అనేది నాతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. ఆదివారం వస్తే వంట పెందలాడే ముగించి, జడ బిగించి, పిలవకముందే వెళ్ళి సీటులో కూర్చునేది.

ఆ కారు గురించి కొంత చెప్పాలి. కార్వెట్లు అమెరికాలో యాభైల మొదట్లో పుట్టాయి. రేకు బదులు ఫైబర్‌గ్లాసు ఒళ్ళు. చిన్నాయన కొన్నది అరవై మూడు మోడల్. ఆ ఏడాది కార్లకు మాత్రమే వెనక అద్దం మధ్యలో వెన్నెముకలాంటి పట్టీ దిగి, అద్దాన్ని రెండుగా చీల్చేది. వెనక ఏమీ కనబడటం లేదని జనం సణిగితే మరుసటి ఏడాదే కంపెనీ దాన్ని తీసేసింది. పట్టీ ఉన్న కార్లవాళ్ళు కూడా కొందరు దాన్ని కోయించుకున్నారట. తర్వాత లోకం తిరగబడింది. ఇప్పుడు పాత కార్లు సేకరించేవాళ్ళు ఆ ఒక్క ఏడాది బండినే, అదీ పట్టీ చెక్కు చెదరనిదాన్నే, వెతుక్కుంటూ తిరుగుతున్నారు.

ఇవన్నీ చిన్నాయనకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. కొన్న కొత్తల్లోనే చిన్నమ్మ, "నడుమ గీ దూలం ఏందీ? ఎన్క లారొస్తుందో, లూనా వస్తుందో తెలుస్తలేదు" అంది. ఆయన దుకాణం నుంచి రంపం తెచ్చి, దూలాన్ని తానే కోసేశాడు. దాని స్థానంలో వంచిన ప్లాస్టిక్ అద్దం ఒకే ముక్కగా బిగించాడు. ఆ ఫైబర్ పొడి ఒళ్ళంతా పడి దురదలు పుడితే, చిన్నమ్మ ఆయన వీపుకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. పెళ్ళయ్యాక తను అడిగినది ఆయన వెంటనే చేసింది అదొక్కటేనని తర్వాత నాతో చెప్పింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత అమెరికా పత్రికలో ఆ పట్టీ విలువ చదివిన రోజు చిన్నాయన అన్నం తినలేదు. ఆవిడను మాత్రం ఒక్క మాట అనలేదు.

చిన్నమ్మకు చక్కెర జబ్బు వచ్చింది. చూపు మెల్లగా మసకబారింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కారులో తన వైపు అద్దం దించి, ఎదురొచ్చే బండ్ల చప్పుడు విని ఆగు, పో అని చెప్పేదట. ఒక సాయంత్రం తిరుమలగిరి దాటాక, ముందు లారీ ఉంటే, "పో" అంది. ఆయన బండి కుడికి తీశాడు. ఎదురుగా బస్సు. ఎట్లా తప్పించాడో ఆయనకే తెలియదు. కారు ముక్కు కుడివైపు పెంకులా పగిలింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

రోడ్డు పక్కన ఆపి, "కండ్లు కనబడ్తలేవని నాకెందుకు చెప్పలే?" అని అడిగాడట.

"చెప్తే బండి తీస్తవా?"

"తియ్యను."

"అందుకే చెప్పలే."

కంటి డాక్టరు చూసి, లోపల రక్తం చేరిందనీ, ముందే వచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళమనీ అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చిన్నాయన ఆవిడను ఆసుపత్రుల చుట్టూ తిప్పాడు. ఎక్కడికెళ్ళినా అదే మాట. ఆ కారును చూస్తేనే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. దీని మూలంగానే ఆవిడ కళ్ళు పోయాయని, అమ్మేస్తానని పట్టుబట్టాడు.

బంజారాహిల్స్ నుంచి పాత కార్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. కారు చుట్టూ ప్రేమగా తిరిగాడు. వెనక అద్దం దగ్గర ఆగి, నిజంగానే బాధపడ్డాడు. "ఎంత పని చేశారండీ. ఆ స్ప్లిట్ పట్టీ ఉంటే దీన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. సరే, నేను తీసుకుంటాను. అమెరికా నుంచి ఆ ముక్క తెప్పించి, మళ్ళీ ఒరిజినల్‌గా చేయిస్తాను" అన్నాడు.

చిన్నమ్మ లోపలి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. కారును తడుముకుంటూ వెనక్కి వెళ్ళి, ఆ ప్లాస్టిక్ అద్దం మీద అరచెయ్యి పెట్టింది.

"గా దూలం నా కోసమే కోసిండు సారూ. మళ్ల పెడితే ఎన్క వచ్చేది ఎట్ల కనబడతది?" అంది.

ఆ పెద్దమనిషి తలవంచుకుని, ఇచ్చిన చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. చిన్నాయన కారును అమ్మలేదు, మళ్ళీ రోడ్డెక్కించనూ లేదు. రోజూ పొద్దున వాకిట్లోనే ఇంజను తిప్పి ఆపేసేవాడు. చిన్నమ్మ మంచం మీద నుంచే ఆ చప్పుడు వినేది.

తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయి. చివరి నెలల్లో ఆవిడ అడిగింది ఒక్కటే. "ఒక్కపారి కార్ల కూసోబెట్టు. ఊకెనే కూసుంట. ఏం చెప్ప." ఆయన ప్రతిసారీ, "జెర పాణం బాగైనంక" అనేవాడు. నేనూ ఆయన మాటే మంచిదన్నాను, డాక్టర్లూ అదే అన్నారు. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకునేది. ఆ మొహాన్ని నేను మర్చిపోలేకపోతున్నాను. ఒక్కసారి కూర్చోబెడితే ఏం పోయేది?

దినాలయిన మర్నాడు చిన్నాయన కారు బయటికి తీశాడు. "కూసో బిడ్డా" అన్నాడు. కుడి సీటులో కూర్చోవాలంటే నాకు భయమేసింది, అయినా కూర్చున్నాను. తిరుమలగిరి వైపు వెళ్తుంటే ముందు నీళ్ళ ట్యాంకరు తగిలింది, నత్తలా నడుస్తోంది. నేను తల బయటికి పెట్టి చూశాను. రోడ్డంతా ఖాళీ.

"పో చిన్నాయనా" అన్నాను.

కారు కుడికి జరగలేదు. ట్యాంకరు వెనకే పాకుతున్నాం.

"ఎవ్వరూ లేరు. నాకు బాగా కనిపిస్తోంది. పో."

ఆయన రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. "ఆమెకు కనబడనప్పుడు గూడ పొమ్మంటే పోయిన. నీకు కనబడుతుందంటే నా కాలు లేస్తలేదు బిడ్డా" అన్నాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఆటోలు, స్కూటర్లు, సైకిలు మీద పాలవాడు కూడా మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు. ట్యాంకరు మూత నుంచి నీళ్ళు చింది అద్దం మీద పడుతున్నాయి. చిన్నాయన వైపరు వెయ్యలేదు. ముందు రోడ్డు పూర్తిగా అలుక్కుపోయింది, ఆయన అట్లాగే నడుపుతున్నాడు.